లాంగ్ నైట్ కనిపించలేదని ఫోన్ మార్చేశా: గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ నేర్పిన డిస్‌ప్లే పాఠం

గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్ అనగానే ఫ్యాన్స్‌కి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏళ్లు గడిచినా ఆ కోపం తగ్గలేదు. నేను కూడా ఆ రోజుల్లో గట్టిగా తిట్టినవాడినే. కానీ ఆ కోపంలో, తొందరలో నేను చేసిన ఒక పని వల్ల మా ఇంట్లో 11 వేల రూపాయలు అనవసరంగా ఖర్చయ్యాయి. అదేంటో, అలా మీకు జరగకూడదంటే ఏం చూసుకోవాలో ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం.

ముందే చెప్తున్నా, ఎనిమిదో సీజన్ ఇంకా చూడని వాళ్లకి ఇందులో స్పాయిలర్స్ ఉన్నాయి.

సోమవారం పొద్దున ఆరున్నర

2019 ఏప్రిల్ 29. నేను బీటెక్ థర్డ్ ఇయర్. ప్రిపరేషన్ హాలిడేస్‌కి గద్వాలలో ఇంటికొచ్చి ఉన్నా. అమెరికాలో ఆదివారం రాత్రి 9 గంటలకు వేసే ఎపిసోడ్ మనకు సోమవారం పొద్దున 6:30కి వచ్చేది. ఆ రోజు మూడో ఎపిసోడ్, పేరు 'ద లాంగ్ నైట్'. 82 నిమిషాలు. 55 రాత్రులు షూట్ చేసిన యుద్ధం అని ముందు నుంచే ఒకటే హైప్. అప్పటికి మూడు రోజుల ముందే అవెంజర్స్ ఎండ్‌గేమ్ రిలీజ్ అయింది. మా వాట్సాప్ గ్రూపులో ఎవరూ నిద్రపోయే పరిస్థితి లేదు.

అలారం పెట్టుకుని లేచా. అమ్మ వాకిలి ఊడ్చి ముగ్గేస్తోంది. నేను అరుగు మీద కూర్చుని ఫోన్ ఓపెన్ చేశా. పది నిమిషాలకే డౌట్ వచ్చింది. స్క్రీన్ మీద ఏమీ కనిపించట్లేదు! దోత్రాకీ గుర్రాలు కత్తులకు మంట పెట్టుకుని చీకట్లోకి దూసుకెళ్లే సీన్ ఉంటుంది కదా, అక్కడ నాకు కనిపించింది కొన్ని నారింజ చుక్కలు మాత్రమే. అవి ఆరిపోయాక మిగిలింది నా మొహమే, స్క్రీన్‌లో అద్దం మాదిరిగా.

రెండు వారాల ముందు ఆ ఫోన్ చేతిలోంచి జారి బండ మీద పడింది. ఇంకేముంది, డిస్‌ప్లే పోయిందని ఫిక్స్ అయిపోయా. ఎపిసోడ్ అవ్వగానే నాయినతో చెప్పా.

"డిస్‌ప్లే పోయింది నాయినా, ఏం కనిపిస్తలేదు."

"ఫోన్లు మాట్లాడితే మంచిగనే వస్తున్నది గద?"

"మాట వేరు, బొమ్మ వేరు నాయినా."

మాకు జూరాల కాల్వ కింద కొంచెం పొలం ఉంది. మా దిక్కు చాలామంది లాగే నాయిన విత్తన పత్తి వేస్తాడు. ఆ పంటలో క్రాసింగ్ పనికి కూలీల ఖర్చు చాలా ఎక్కువ. దాని కోసం పక్కన పెట్టిన డబ్బులోంచి 11 వేలు తీసిచ్చాడు. షాపులో అడిగితే డిస్‌ప్లే మార్చడం కంటే ఎక్స్‌చేంజ్ చేసుకోవడమే మేలన్నారు. సాయంత్రానికి కొత్త ఫోన్‌తో ఇంటికొచ్చా.

రాత్రి అదే అరుగు మీద ట్యూబ్‌లైట్ కింద కూర్చుని అదే ఎపిసోడ్ మళ్లీ పెట్టా. అదే చీకటి! అవే నారింజ చుక్కలు! ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

ఫ్యాన్స్ కోపంలో రెండు కంప్లైంట్లు కలిసిపోయాయి

నా తప్పు అర్థం కావాలంటే ముందు ఆ సీజన్ మీద కోపం ఎందుకో చూడాలి. అందులో రెండు వేరు వేరు కంప్లైంట్లు ఉన్నాయి.

మొదటిది కథ గురించి. మొదటి ఆరు సీజన్లు పదేసి ఎపిసోడ్లు. ఏడోది 7, ఎనిమిదోది 6 మాత్రమే. మొత్తం 73. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన నవలల్లో ఐదోది 2011లో వచ్చింది, ఆరోది రాలేదు. సిరీస్ నవలలను దాటి ముందుకెళ్లిపోయింది. ఇంతకాలం ఒక పాత్ర ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లడానికే సగం సీజన్ తీసుకున్న సిరీస్, చివర్లో గబగబా పరిగెత్తింది. ఎన్నో సీజన్లుగా భయపెట్టిన నైట్ కింగ్ ఒక్క కత్తిపోటుతో అయిపోయాడు. ఐదో ఎపిసోడ్‌లో డెనేరిస్, గంటలు మోగి నగరం లొంగిపోయాక కూడా దాన్ని తగలబెట్టింది. ఆమె అలా మారడం తప్పని చాలామంది అనలేదు. మారే దారి చూపించలేదన్నదే అసలు కంప్లైంట్. నాలుగో ఎపిసోడ్‌లో టేబుల్ మీద కాఫీ కప్పు మర్చిపోవడం ఆ తొందరకి గుర్తుగా మిగిలిపోయింది. హెచ్‌బీఓ తర్వాత దాన్ని డిజిటల్‌గా తీసేసింది. మంచి రైటర్లతో సీజన్ మళ్లీ తీయమని పెట్టిన ఆన్‌లైన్ పిటిషన్‌కి 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అదే సీజన్‌కి 12 ఎమ్మీలు కూడా వచ్చాయి, బెస్ట్ డ్రామాతో సహా!

రెండో కంప్లైంట్ బొమ్మ గురించి. లాంగ్ నైట్ ఎపిసోడ్ అసలు కనిపించలేదని ప్రపంచమంతా గోల చేశారు. ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ దీనికి జవాబిచ్చాడు. షూటింగ్‌లో తప్పేమీ లేదని, చాలామంది టీవీలు సరిగా ట్యూన్ చేసుకోరని, ఇలాంటివి చీకటి గదిలో చూడాలని, కంప్రెషన్ కూడా ఒక కారణమని అన్నాడు. దాంతో ఫ్యాన్స్‌కి ఇంకా మండింది. "మా టీవీదా తప్పు?" అని.

కథ నచ్చకపోవడం అభిప్రాయం. దాన్ని మీటర్ పెట్టి కొలవలేం. బొమ్మ కనిపించకపోవడం మాత్రం టెక్నికల్ ప్రాబ్లం. దాన్ని కొలవచ్చు, కారణం పట్టుకోవచ్చు, చాలా వరకు బాగు చేయొచ్చు కూడా. రెండూ కలిపి తిట్టినంతసేపూ ఏదీ తేలదు. నేను చేసిందీ అదే.

ఒకే ఎపిసోడ్, మూడు ఊళ్లు, మూడు స్క్రీన్లు

మా గ్యాంగ్‌లో ముగ్గురం. నాది గద్వాల, ఒకడిది వనపర్తి, ఇంకొకడిది నాగర్‌కర్నూల్. ఆ పొద్దున ముగ్గురం ఎవరి ఇంట్లో వాళ్లం చూశాం.

వనపర్తి వాడు ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 32 ఇంచుల ఎల్ఈడీ టీవీకి పెట్టి చూశాడు. మంటలు, మంచు కనిపించాయి కానీ మనుషుల మొహాలన్నీ నల్లటి ముద్దల్లా ఉన్నాయన్నాడు.

నాగర్‌కర్నూల్ వాడు వాళ్ల అన్న అమోలెడ్ ఫోన్‌లో బ్రాడ్‌బ్యాండ్ మీద, తలుపులేసుకుని చూశాడు. "మామా, నాకైతే బానే కనిపించింది, మీకేం రోగం?" అని గ్రూపులో పెట్టాడు. ఆకాశంలో డ్రాగన్లు ఎగిరే చోట మాత్రం చారలు చారలుగా ఉందన్నాడు.

నాకు ఎల్‌సీడీ ఫోన్, మొబైల్ డేటా, ఆరుబయట అరుగు. నాకు ఏమీ కనిపించలేదు.

ఒకే ఎపిసోడ్, ఒకే టైమ్, మూడు రకాల బొమ్మలు. మూడూ ఒకేలా రాలేదంటే తేడా ఎపిసోడ్‌లో లేదు, దారిలో ఉంది. ఆ పొద్దున గ్రూపులో పది నిమిషాలు ఒకరినొకరు తిట్టుకోకుండా ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే నాయిన డబ్బు మిగిలేది. ఇప్పుడు ఆ దారిని ముక్కలుగా చూద్దాం.

పాఠం 1: డేటా ప్యాక్ లెక్క

ముందు ఒక చిన్న లెక్క. ఫుల్ హెచ్‌డీ అంటే 1920 × 1080, దాదాపు 20.7 లక్షల పిక్సెల్స్. కంప్రెస్ చేయకపోతే ఒక్కో పిక్సెల్‌కి సగటున 12 బిట్లు, సెకనుకు 24 ఫ్రేములు. మొత్తం గుణిస్తే సెకనుకు సుమారు 597 మెగాబిట్లు! అంత డేటా ఎవరికీ పంపలేరు కాబట్టి యాప్‌లు దాన్ని బాగా కుదించి పంపిస్తాయి. 5 ఎంబీపీఎస్‌కి కుదిస్తే దాదాపు 120 వంతుల్లో ఒక వంతే మన దగ్గరికి వస్తుంది.

ఆ 5 ఎంబీపీఎస్ దగ్గర కూడా 82 నిమిషాలకి సుమారు 3 జీబీ కావాలి. అప్పట్లో నా ప్యాక్ రోజుకి 1.5 జీబీ. అంటే రోజంతా డేటా ఈ ఒక్క ఎపిసోడ్‌కే పెట్టినా సగటున 2.4 ఎంబీపీఎస్ దాటదు. అది సరిపోవాలని నేనే యాప్‌లో డేటా సేవర్ ఆన్ చేసుకున్నా. ఆ సంగతే మర్చిపోయా!

మామూలు సీన్‌లో ఇది పెద్దగా తెలియదు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్ అనుకోండి. వెనక గోడ కదలదు. ఎన్‌కోడర్ ఆ గోడని ఒకసారి పంపి, తర్వాత ఫ్రేముల్లో "గోడ అలాగే ఉంది" అని చెప్పి బిట్లు మిగుల్చుకుంటుంది. లాంగ్ నైట్‌లో అలా మిగుల్చుకోవడానికి ఏమీ లేదు. మంచు పడుతోంది, పొగ కదులుతోంది, వేలమంది పరిగెత్తుతున్నారు. ప్రతి ఫ్రేమూ కొత్తదే. బిట్లు సరిపోవు. అప్పుడు ఎన్‌కోడర్ ఎక్కడ కోత పెడుతుంది? కంటికి తక్కువ తెలుస్తుందనుకునే చోట, అంటే ముదురు రంగుల్లోని చిన్న చిన్న తేడాల్లో. ఈ ఎపిసోడ్‌లో ఉన్నదంతా ఆ చిన్న తేడాలే! అందుకే మనుషులు, గోడలు, ఆకాశం అన్నీ కలిసి చదరపు ముక్కల్లా అయిపోయాయి.

పాఠం 2: చీకటికి మెట్లు తక్కువ

నాగర్‌కర్నూల్ వాడికి కనిపించిన చారల సంగతి ఇది. మామూలు 8 బిట్ వీడియోలో నలుపు 16 అనే నంబర్ దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. మధ్యలో మొత్తం 220 మెట్లు. పొద్దుటి సీన్ ఈ మెట్లన్నీ వాడుకుంటుంది. రాత్రి సీన్ కింద ఉన్న 30 మెట్లలోనే తిరుగుతుందనుకోండి. అప్పుడు ఆకాశంలో వెన్నెల మెల్లగా మసకబారే చోట ఒక మెట్టుకి, ఇంకో మెట్టుకి మధ్య గీత కంటికి తెలుస్తుంది. దీన్నే బ్యాండింగ్ అంటారు.

10 బిట్ వీడియోలో ఇవే మెట్లు 877 ఉంటాయి, అంటే దాదాపు నాలుగు రెట్లు. హెచ్‌డీఆర్ వీడియో నునుపుగా కనిపించడానికి ఇదొక కారణం. కానీ 2019లో హెచ్‌బీఓ ఈ సిరీస్‌ని 4కె హెచ్‌డీఆర్‌లో ప్రసారం చేయలేదు. చివరి సీజన్ 4కె డిస్క్ ఆ ఏడాది డిసెంబర్‌లో వచ్చింది. కాబట్టి ఆ పొద్దున ఎంత ఖరీదైన ఫోన్ ఉన్నా చారలు తప్పవు. ఇది మాత్రం మన తప్పు కాదు. ఈ ముక్క వరకు ఫ్యాన్స్ కోపం కరెక్టే.

పాఠం 3: చీర ఎండలో చూడాలి, స్క్రీన్ చీకట్లో చూడాలి

గద్వాలలో మగ్గం పని చేసేవాళ్లని చూస్తూ పెరిగా. నలుపు దారం పక్కన ముదురు నీలం దారం ఉంటే ట్యూబ్‌లైట్ కింద తేడా తెలియదు. బయటికి తీసుకెళ్లి ఎండలో పెట్టి చూస్తారు. దారం మీద పడిన వెలుతురే మన కంటికి వస్తుంది కాబట్టి వెలుతురు ఎంత ఎక్కువుంటే తేడా అంత బాగా తెలుస్తుంది.

స్క్రీన్ దీనికి ఉల్టా. దాని వెలుతురు దాని లోపలి నుంచే వస్తుంది. బయటి వెలుతురు గాజు మీద పడితే నలుపు బూడిద రంగులోకి మారుతుంది. కింద ఉన్న ఆ 30 మెట్లు పూర్తిగా మునిగిపోతాయి. బ్రైట్‌నెస్ పెంచితే కొంత నయం, కానీ ఏప్రిల్ ఎండని ఏ బడ్జెట్ ఫోనూ ఓడించలేదు.

ఇక్కడ ఇంకో విషయం గమనించండి. అమెరికా వాళ్లు ఆ ఎపిసోడ్‌ని రాత్రి 9 గంటలకు చూశారు. మనం తెల్లారాక చూశాం. చీకటి గదిలో చూడాలని తీసిన ఎపిసోడ్‌ని నేను ఆరుబయట అరుగు మీద చూశా. రాత్రికి కొత్త ఫోన్ తెచ్చి చూసింది కూడా నెత్తి మీద ట్యూబ్‌లైట్ పెట్టుకునే.

స్క్రీన్ రకం కూడా ముఖ్యమే. ఎల్‌సీడీలో వెనక లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నలుపు చూపించాలంటే ఆ లైట్‌ని అడ్డుకోవాలి. ఎంత అడ్డుకున్నా కొంచెం కారుతుంది. అమోలెడ్‌లో ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాలంటే పూర్తిగా ఆరిపోతుంది. అందుకే చీకటి సీన్లకి అమోలెడ్ మేలు. అలాగని అన్ని అమోలెడ్లూ ఒకటి కాదు. కొన్ని బడ్జెట్ ప్యానెళ్లలో బాగా ముదురు షేడ్స్ అన్నీ ఒకేసారి నల్లగా మారిపోతాయి. దాన్ని బ్లాక్ క్రష్ అంటారు.

పాఠం 4: ఫోన్ ఫుల్ హెచ్‌డీ, కానీ వచ్చేది ఎస్‌డీ

ఇది నాకు చాలా లేట్‌గా తెలిసింది. స్ట్రీమింగ్ యాప్‌లు సినిమాలకు తాళం వేసి పంపిస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఆ తాళం తీసే సిస్టమ్ పేరు వైడ్‌వైన్. ఎల్1 ఉన్న ఫోన్లలో ఆ పని ప్రాసెసర్‌లోని సేఫ్ భాగంలో జరుగుతుంది. ఎల్3 అయితే మామూలు సాఫ్ట్‌వేర్‌లోనే జరుగుతుంది, సేఫ్టీ తక్కువ. అందుకే చాలా యాప్‌లు ఎల్3 ఫోన్లకి 480పీ స్థాయి వీడియో మాత్రమే ఇస్తాయి. అంటే ఫుల్ హెచ్‌డీలో ఉండే పిక్సెల్స్‌లో ఐదో వంతు! బాక్స్ మీద ఫుల్ హెచ్‌డీ ప్లస్ అని రాసి ఉన్నా సరే.

తర్వాత చెక్ చేస్తే, నేను 11 వేలు పెట్టి కొన్న ఫోన్ ఎల్3. పాత ఫోన్ ఎల్1నా ఎల్3నా తెలుసుకుందామంటే అది అప్పటికే షాపులో ఇచ్చేశా.

ఫోన్ మార్చే ముందు ఈ టెస్ట్ చేయండి

రూల్ ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఈ ఆర్డర్‌లో వెళ్లండి, ఇందులో ఏదానికీ పైసా ఖర్చు లేదు.

1. ముందు గది మార్చండి. అదే ఫోన్, అదే సీన్. లైట్లు ఆర్పి, కర్టెన్లు వేసి, కళ్లు అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి. సగం ప్రాబ్లమ్స్ ఇక్కడే తీరిపోతాయి.

2. ఫోన్ సెట్టింగ్స్ చూడండి. ఆటో బ్రైట్‌నెస్ ఆఫ్ చేయండి. ఎక్స్‌ట్రా డిమ్, ఐ కంఫర్ట్ లేదా నైట్ లైట్, బ్యాటరీ సేవర్ అన్నీ ఆఫ్ చేయండి. చీకటి గదిలో ఆటో బ్రైట్‌నెస్ ఉంటే ఫోన్ తనంతట తానే వెలుగు తగ్గించేస్తుంది, జాగ్రత్త.

3. యాప్‌లో క్వాలిటీ చూడండి. డేటా సేవర్ తీసేసి, "ఆటో" బదులు ఉన్నదాంట్లో పెద్ద క్వాలిటీ పెట్టండి. నెట్ స్లోగా ఉంటే వైఫై ఉన్నచోట హై క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసుకుని చూడండి.

4. వైడ్‌వైన్ లెవెల్ చూడండి. ప్లే స్టోర్‌లో 'డీఆర్ఎం ఇన్ఫో' అని వెతికితే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. సెక్యూరిటీ లెవెల్ దగ్గర ఎల్1 ఉంటే ఓకే. ఎల్3 ఉంటే ఆ ఫోన్‌లో ఎంత తిప్పలు పడినా హెచ్‌డీ రాకపోవచ్చు.

5. స్క్రీన్‌ని విడిగా టెస్ట్ చేయండి. యూట్యూబ్‌లో 'బ్లాక్ లెవెల్ టెస్ట్' అని వెతకండి. నలుపు నుంచి బూడిద వరకు గళ్లు వస్తాయి. మొదటి ఒకటి రెండు గళ్లు తప్ప మిగతావన్నీ విడివిడిగా కనిపిస్తే మీ డిస్‌ప్లే బానే ఉన్నట్టు. మీరే రాత్రి తీసిన ఫోటోలు కూడా చూడండి. అవి బాగుంటే తప్పు డిస్‌ప్లేది కాదు.

6. అదే సీన్‌ని ఇంకొకరి ఫోన్‌లో, అదే గదిలో, అదే వైఫై మీద పెట్టి పక్కపక్కన చూడండి. ఇంత చేశాక కూడా మీ ఫోన్ ఒక్కటే తేడాగా ఉంటే, అప్పుడు షాపుకి వెళ్లండి.

టీవీ ఉన్నవాళ్లకి ఇంకొన్ని:

- పిక్చర్ మోడ్ 'వివిడ్' నుంచి 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్' మోడ్‌కి మార్చండి. ఎనర్జీ సేవింగ్ ఆఫ్ చేయండి. పవర్ మిగల్చడానికి అది వెనక లైట్‌ని తగ్గించేస్తుంది.

- చాలా టీవీల్లో 'బ్రైట్‌నెస్' అంటే నలుపు లెవెల్, 'బ్యాక్‌లైట్' అంటే అసలు వెలుగు. పగలు చూసేటప్పుడు ముందు బ్యాక్‌లైట్ పెంచండి. బ్రైట్‌నెస్‌ని ఒక్కో పాయింటే కదపండి, ఎక్కువైతే నలుపు అంతా బూడిదైపోతుంది.

- ల్యాప్‌టాప్ లేదా సెట్‌టాప్ బాక్స్ పెడితే హెచ్‌డీఎంఐ రేంజ్ రెండు వైపులా ఒకేలా ఉండాలి. ల్యాప్‌టాప్ 'ఫుల్' పంపిస్తూ టీవీ 'లిమిటెడ్' అనుకుంటే ముదురు షేడ్స్ అన్నీ నల్లగా కలిసిపోతాయి. వనపర్తి వాడి "నల్లటి ముద్దలు" ఇవే!

దసరాకి మళ్లీ చూశాం

2022 దసరాకి ముగ్గురం ఊళ్లకి వచ్చాం. అప్పటికి ముగ్గురికీ ఉద్యోగాలు వచ్చేశాయి. గేమ్ ఆఫ్ థ్రోన్స్ ముందు కథ 'హౌస్ ఆఫ్ ద డ్రాగన్' నడుస్తోంది. సరిగ్గా ఆ వారమే ఏడో ఎపిసోడ్ 'డ్రిఫ్ట్‌మార్క్' వచ్చింది. మళ్లీ అదే గోల: ఏమీ కనిపించట్లేదని!

వనపర్తిలో వాడింట్లోనే కూర్చున్నాం. అదే పాత 32 ఇంచుల టీవీ. ముందు లాంగ్ నైట్ పెట్టాం. మొదట ఏమీ మార్చకుండా ఐదు నిమిషాలు చూశాం. అవే నల్లటి ముద్దలు. లైట్లు ఆర్పాం, కొంచెం నయం. ఎనర్జీ సేవింగ్ తీశాం, ఇంకొంచెం నయం. ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ రేంజ్ లిమిటెడ్‌కి మార్చగానే ముగ్గురం ఒకేసారి అరిచాం. మొహాలు వచ్చేశాయి! దోత్రాకీలు దూసుకెళ్లాక ఒక్కో మంటా ఆరిపోతుంటే కోట ముందు నిలబడ్డవాళ్ల కళ్లల్లో భయం కనిపించింది. మూడేళ్ల క్రితం నేను చూడలేకపోయింది అదే. మూడు సెట్టింగులు, ఖర్చు సున్నా.

తర్వాత డ్రిఫ్ట్‌మార్క్ పెట్టాం. అదే గది, అవే సెట్టింగులు. సముద్రం ఒడ్డున సీన్లు అప్పటికీ మసకగానే ఉన్నాయి. పగలు షూట్ చేసి, తర్వాత రాత్రిలా కనిపించేలా చీకటి చేసిన సీన్లు అవి. అది కావాలనే తీసుకున్న క్రియేటివ్ నిర్ణయమని హెచ్‌బీఓ మ్యాక్స్ వైపు నుంచి ఫ్యాన్స్‌కి సమాధానం కూడా వచ్చింది. ఇప్పుడు మాకు క్లారిటీ ఉంది. గది, స్క్రీన్, సెట్టింగ్స్ అన్నీ సరిచూశాకే "తీసినవాళ్లే ఇలా తీశారు" అని ధైర్యంగా అనగలం. అంతకుముందు అనడం మాత్రం తొందరపాటు.

సెట్టింగ్స్‌తో బాగుపడనిది

నిజం చెప్పాలంటే, లాంగ్ నైట్ క్లియర్‌గా కనిపించాక ఒక నష్టం కూడా జరిగింది. ముందు చీకట్లో కనిపించని కథ లోపాలు కూడా ఇప్పుడు బాగా కనిపించాయి. చుట్టూ శవాల గుంపు ముంచెత్తుతున్నా ముఖ్యమైన పాత్రల్లో చాలామంది ఎలా బతికారో ఎంత జూమ్ చేసినా అర్థం కాలేదు. మిగతా మూడు ఎపిసోడ్లు కూడా ఆ రాత్రే చూసేశాం. చివరికి నాగర్‌కర్నూల్ వాడు అన్నాడు, "మామా, బొమ్మ సెట్ అయింది కానీ కథ సెట్ కాలేదు." దానికి ఏ మెనూలోనూ ఆప్షన్ లేదు. ఫ్యాన్స్‌కి ఆ కోపం ఉండటం న్యాయమే, ఉండనివ్వండి.

పండగ మర్నాడు నాయినకి నిజం చెప్పేశా, ఆ పాత ఫోన్‌లో ఏ లోపం లేదని. తిడతాడనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "గింజ మొలవకుంటే నేను ముందు తడి జూస్త, తర్వాత మన్ను జూస్త. పోంగనే కొత్త విత్తనం కొనుక్కస్తనారా?"

సాఫ్ట్‌వేర్‌లో మేం రోజూ చేసే డీబగ్గింగ్ అంటే ఇదే. నాకు ఆఫీసులో నేర్పకముందే ఇంట్లో ఉంది, నేనే అడగలేదు. మొదటి బోనస్ రాగానే నాయినకి 11 వేలు తిరిగిచ్చా. తీసుకోలేదు. ఆ డబ్బుతో ఆయనకే ఒక ఫోన్ కొన్నా. కొనే ముందు బాక్స్ మీద స్పెసిఫికేషన్లు కాదు, షాపులోనే వైడ్‌వైన్ లెవెల్ చెక్ చేశా. ఎల్1. ఆయన అందులో చూసేది వాతావరణం, పత్తి రేట్లు మాత్రమే అనుకోండి.

మీకు కూడా ఏ సిరీస్‌లోనైనా చీకటి సీన్లు కనిపించకపోతే, ఫోన్ మార్చే ముందు పైన చెప్పిన ఆరు స్టెప్స్ ఒకసారి చేయండి. ఏ స్టెప్ దగ్గర ప్రాబ్లం దొరికిందో, మీ ఫోన్ మోడల్‌తో సహా కామెంట్స్‌లో రాయండి. అదే మోడల్ వాడేవాళ్లకి పనికొస్తుంది. మళ్లీ ఇంకో పాఠంతో కలుద్దాం!